2000 అక్టోబరు 21, యాంకీస్ 4 – మెట్స్ 3: ఆ ఆట నిజంగా ఎక్కడ మలుపు తిరిగింది?

బ్రాంక్స్ బాటసారి:

సభ్యులందరికీ నమస్కారం. అమెరికా బేస్‌బాల్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో, 2000 నాటి మొదటి ఆటకు 2025 అక్టోబరుతో 25 ఏళ్లు నిండాయి. మొన్న శనివారం రాత్రి ఆ ఆటను మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా మళ్లీ చూశాను. ఎవరు గెలిచారో, ఎవరు కొట్టిన బంతికి గెలిచారో తెలిసి కూడా తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి కుర్చీలో కూర్చోలేకపోయాను. ఎప్పుడో రాయవలసిన ఆ రాత్రి గురించి ఇప్పుడైనా రాద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బేస్‌బాల్ కొత్తవారికి కొంత నేపథ్యం చెప్పాలి. న్యూయార్క్ నగరానికి రెండు జట్లు ఉన్నాయి. బ్రాంక్స్‌లో యాంకీస్, క్వీన్స్‌లో మెట్స్. రెండూ వేర్వేరు లీగులకు చెందినవి కాబట్టి 1997 జూన్ దాకా సాధారణ సీజనులో అవి ఎదురుపడనే లేదు. న్యూయార్క్ జట్లు రెండు వరల్డ్ సిరీస్‌లో తలపడడం, 1956లో యాంకీస్, బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆడిన తర్వాత, మళ్లీ 2000లోనే జరిగింది. ఈ మధ్యకాలంలో డాడ్జర్స్, మరో న్యూయార్క్ జట్టు జెయింట్స్ ఊరు విడిచి కాలిఫోర్నియా వెళ్లిపోయారు. వాళ్లు దిక్కులేకుండా వదిలిపోయిన అభిమానుల కోసం 1962లో మెట్స్ పుట్టింది. డాడ్జర్స్ నీలాన్నీ జెయింట్స్ నారింజనూ కలిపి తన రంగులుగా చేసుకుంది. ఇంత చరిత్ర వెనక ఉన్నందువల్ల ఆ వారం ఒకే ఇంట్లో, ఒకే ఆఫీసులో, ఒకే రైలు పెట్టెలో రెండు పక్షాలు కనబడేవి.

మా ఇల్లు కూడా అలాంటిదే. 1999లో వైటూకే పని మీద వచ్చిన నేను జెర్సీ సిటీలో మరో ముగ్గురితో కలిసి అద్దె ఇంట్లో ఉండేవాణ్ని. వారిలో తెనాలి నుంచి వచ్చిన మిత్రుడు నాకంటే ఏడాది ముందే ఇక్కడికి చేరి మెట్స్ అభిమాని అయ్యాడు. బాల్ (బ్యాటర్ వదిలేసిన చెడ్డ బంతి, నాలుగైతే అతను మొదటి బేస్‌కు నడిచిపోవచ్చు) అంటే ఏమిటో, స్ట్రైక్ (కొట్టబోయి తప్పిన లేదా వదిలేసిన మంచి బంతి, మూడైతే ఔట్) అంటే ఏమిటో, రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్ (మైదానం గీతల బయటికి పోయే దెబ్బ) కొడితే బ్యాటర్ ఎందుకు ఔట్ కాడో నాకు కాగితం మీద గీసి నేర్పింది అతనే. నేను మాత్రం ఆఫీసులో పక్క సీటులో కూర్చునే ఒక పెద్దాయన ప్రభావంతో యాంకీస్ వైపు వెళ్లాను. నేర్పినవాడు ఒక పక్షం, నేర్చుకున్నవాడు మరో పక్షం, ఇద్దరం కూర్చునే సోఫా ఒకటే.

ఆట సంగతికి వస్తాను. యాంకీ స్టేడియంలో 55,913 మంది ప్రేక్షకుల ముందు బంతి వేసే ఇద్దరు ఎడమచేతి పిచ్చర్లు, మా ఆండీ పెటిట్, మెట్స్ ఆల్ లైటర్, ఐదు ఇన్నింగ్స్ దాకా పరుగు ఇవ్వలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో మెట్స్ ఆటగాడు టిమో పెరెజ్ హోమ్ ప్లేట్ (బేస్‌లన్నీ చుట్టి వచ్చి తాకితే పరుగు వచ్చే చోటు) దగ్గర ఔటయ్యాడు. వెంటనే మా వంతులో డేవిడ్ జస్టిస్ డబుల్ (రెండో బేస్ చేరే దెబ్బ, మొదటి బేస్ వరకే అయితే సింగిల్) కొట్టి రెండు పరుగులు తెచ్చాడు. ఏడో ఇన్నింగ్స్‌లో బబ్బా ట్రామెల్ సింగిల్‌తో మెట్స్‌కు రెండు పరుగులు, ఎడ్గార్డో అల్ఫాంజో ఇన్‌ఫీల్డ్ సింగిల్‌తో మూడోది వచ్చాయి. మెట్స్ 3, యాంకీస్ 2. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో, ఒక ఔట్ పడిపోయాక, మెట్స్ క్లోజర్ (చివర్లో ఆధిక్యం కాపాడడానికి దించే పిచ్చర్) ఆర్మాండో బెనీటెజ్ ఎదుట పాల్ ఓనీల్ వచ్చి నిలబడ్డాడు.

ఓనీల్‌కు అప్పటికి 37 ఏళ్లు. సీజను చివరికి వచ్చేసరికి అతని బ్యాటు మూగబోయింది. బెనీటెజ్ బంతి గంటకు 95 మైళ్లు దాటే వేగంతో వచ్చేది. ఆ వేగాన్ని బలంగా కొట్టగలిగే స్థితిలో ఓనీల్ లేడని చూసేవాళ్లందరికీ తెలుసు, అతనికీ తెలుసని నా నమ్మకం. అందుకే అతను కొట్టడానికి చూడలేదు. మంచి బంతిని బ్యాటు అంచుతో పక్కకు తోసేశాడు, చెడ్డ బంతిని వదిలేశాడు. అలా పది బంతులు ఎదుర్కొన్నాడు. పదో బంతి నాలుగో బాల్ అయింది, అతను మొదటి బేస్‌కు నడిచాడు. ఆ తర్వాత లూయిస్ పొలోనియా సింగిల్, హోసే విజ్కైనో సింగిల్‌తో బేస్‌లు నిండాయి. చక్ నాబ్లాక్ గాల్లోకి లేపిన బంతిని ఫీల్డరు పట్టుకున్నాక ఓనీల్ పరుగెత్తి వచ్చి స్కోరు సమం చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌తో తేలక ఆట కొనసాగింది, 12వ ఇన్నింగ్స్‌లో మళ్లీ విజ్కైనోయే ఎడమ వైపు కొట్టిన సింగిల్‌కు టీనో మార్టినెజ్ గెలుపు పరుగు చేశాడు. గడియారంలో 1:04. నాలుగు గంటల 51 నిమిషాలు సాగిన ఆ ఆట అప్పటిదాకా జరిగిన వరల్డ్ సిరీస్ ఆటలన్నిటిలోకీ సుదీర్ఘమైనది.

మెట్స్ మిత్రులు ఈ ఆటను పెరెజ్ పోగొట్టాడంటారు. పత్రికలు విజ్కైనో గెలిపించాడని రాశాయి. ఈ ఆట ఓనీల్ ఎదుర్కొన్న ఆ పది బంతుల్లో గెలిచామని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అతను నడిచిన క్షణంలో, ఇంకా ఒక్క పరుగు కూడా రాకముందే, నాకు అరవాలనిపించింది. పక్కన మిత్రుడు మోచేతులు మోకాళ్ల మీద ఆనించి నేలకేసి చూస్తున్నాడు. గొంతు దాకా వచ్చిన అరుపును మింగేశాను.

ఏడో నంబరు రైలు:

బాటసారి గారూ, మీరు ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. అయితే ఆరో ఇన్నింగ్స్‌ను ఒక్క వాక్యంలో దాటిపోయారు. మా దృష్టిలో ఆట అంతా ఆ వాక్యంలోనే ఉంది.

అప్పుడు నేను క్వీన్స్‌లో చదువుకుంటూ, నార్తర్న్ బులవార్డ్ మీద ఒక పెట్రోలు బంకులో రాత్రి షిఫ్టు చేసేవాణ్ని. టీవీ లేదు, బాబ్ మర్ఫీ, గ్యారీ కోహెన్‌ల రేడియో వ్యాఖ్యానమే ఆధారం. రెండు ఔట్లు పడ్డాయి, పెరెజ్ మొదటి బేస్ మీద ఉన్నాడు. టాడ్ జీల్ ఎడమ వైపు బలంగా కొట్టాడు. వ్యాఖ్యాత గొంతు పైకి లేచిన తీరుకే అది హోమ్ రన్ (క్రికెట్ సిక్సరులా గోడ దాటే దెబ్బ) అని నిర్ణయించుకున్నాను. సిగరెట్లు కొనడానికి వచ్చిన ముసలాయన కౌంటరు ముందు రెండు చేతులూ పైకెత్తాడు. అంతలో ఆ గొంతు స్వరం మారింది. బంతి గోడ పైఅంచుకు తగిలి లోపలికే పడింది. మైదానంలో పెరెజ్ కూడా మాలాగే అది హోమ్ రన్ అనుకుని రెండో బేస్ దగ్గర వేగం తగ్గించాడు. కొట్టిన జీల్ సైతం పిడికిలి పైకెత్తాడు. జస్టిస్ బంతి తీసి డెరెక్ జీటర్‌కు విసిరాడు, జీటర్ మూడో బేస్ గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చి, కాళ్లు నిలదొక్కుకోకుండానే హోర్హే పొసాడాకు విసిరాడు, పెరెజ్ ఔట్.

ముసలాయన చేతులు దించి, సిగరెట్లు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

పెరెజ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అతను జపాన్‌లో హిరోషిమా జట్టుకు ఆడి, ఆ సెప్టెంబరులోనే మెట్స్‌కు వచ్చాడు. సెయింట్ లూయిస్‌తో జరిగిన లీగు ఫైనల్లో ఎనిమిది పరుగులు చేసి రికార్డు నెలకొల్పాడు. అతను లేకపోతే మేము ఆ రాత్రి బ్రాంక్స్‌లో ఉండేవాళ్లమే కాదు. అయినా ఆ ఒక్క పరుగు వచ్చి ఉంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఓనీల్ ఎన్ని బంతులు ఎదుర్కొన్నా ఆట మాదే అయి ఉండేది.

కృష్ణాతీరం:

నేను విజయవాడలో ఉంటాను. క్రికెట్ తప్ప మరొకటి తెలియదు, మా అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నందువల్ల ఈ ఆట నేర్చుకుంటున్నాను. పెద్దలు నా సందేహం తీర్చగలరు. గాల్లో ఉన్న బంతిని ఫీల్డరు పట్టుకుంటే పరుగెత్తేవాడు వెనక్కి తిరిగి తన బేస్‌కు రావాలని చదివాను. అలాంటప్పుడు బంతి ఎక్కడ పడుతుందో చూసి పరుగెత్తడం జాగ్రత్తే కదా? పెరెజ్ చేసినది అంత పెద్ద తప్పు ఎందుకైంది?

స్కోరు పుస్తకం:

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్న ఈ ఆటకు గుండెకాయ వంటిది. మీరు చెప్పిన జాగ్రత్త సున్నా ఔట్లు, ఒక ఔట్ ఉన్నప్పుడే పనికొస్తుంది. రెండు ఔట్లు ఉన్నప్పుడు ఫీల్డరు బంతి పట్టుకుంటే అది మూడో ఔట్, ఇన్నింగ్స్ అక్కడితో సరి, వెనక్కి తిరిగి రావలసిన అవసరమే ఉండదు. పట్టుకోకపోతే ఎంత దూరం పరుగెత్తి ఉంటే అంత లాభం. అంటే రెండు ఔట్ల మీద పరుగెత్తేవాడికి పోయేదేమీ లేదు, బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినగానే తల దించుకుని పరుగెత్తాలి. క్రికెట్లో ఇన్నింగ్స్ చివరి బంతిని బ్యాట్స్‌మన్ గాల్లోకి లేపితే ఇద్దరూ ఆగి చూడరు కదా, క్యాచ్ పడుతుందో లేదో ఆలోచించకుండా పరుగెత్తుతారు. ఇదీ అంతే.

బేస్‌బాల్‌లో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. ఎడమ ఔట్‌ఫీల్డరు 7, షార్ట్‌స్టాప్ 6, క్యాచర్ 2. పెరెజ్ ఔటైన సంఘటన స్కోరు పుస్తకంలో 7-6-2 అని మూడంకెలుగా మిగిలిపోయింది.

ఇక బాటసారి గారి పది బంతుల గురించి. వాక్, అంటే మొదటి బేస్‌కు ఆ నడక, ఇవ్వాలంటే నాలుగు బాల్స్ కావాలి. రెండు స్ట్రైకులు పడ్డాయి. నాలుగు, రెండు కలిస్తే ఆరు. మిగిలిన నాలుగు బంతులూ తప్పనిసరిగా రెండు స్ట్రైకుల తర్వాతి ఫౌల్స్ అయి ఉండాలి, మరో దారి లేదు. అంటే నాలుగుసార్లు అతను ఔట్ అంచు దాకా వెళ్లి వచ్చాడు. ఈ లెక్కలో నేను మీ పక్షమే.

కానీ మీరు వదిలేసినవి కూడా ఉన్నాయి. అదే తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి సగంలో మెట్స్ మనుషులు రెండో, మూడో బేస్‌ల మీద ఉండి, ఒకే ఔట్ ఉన్నప్పుడు మరియానో రివేరా నాలుగో పరుగు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నాబ్లాక్ బంతికి స్కోరు సమం అయ్యేది కాదు. మరొకటి, పదో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండి ఉండగా ఓనీల్ కొట్టిన బంతికి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్) పడి యాంకీస్ గెలిచే అవకాశం పోయింది. ఒక ఆటగాడి రాత్రిని తూచేటప్పుడు రెండు పళ్లాలూ చూడాలని నా అభిప్రాయం.

క్వీన్స్ కోడలు:

రెండు ఔట్ల మీద పరుగెత్తడం అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అత్తవారిల్లు మొత్తం యాంకీస్, నేను పెళ్లికి ముందు నుంచీ మెట్స్. 2000 నాటికి నేను ఈ దేశంలో లేను. నాకు మానని గాయం 2009 జూన్ 12, శుక్రవారం రాత్రిది.

యాంకీస్ కొత్త స్టేడియం కట్టుకున్న మొదటి ఏడాది అది. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, మేము 8–7 ఆధిక్యంలో ఉన్నాం. రెండు ఔట్లు పడ్డాయి. జీటర్ రెండో బేస్ మీద, మార్క్ టెషేరా మొదటి బేస్ మీద ఉన్నారు. మా క్లోజర్ ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్ వేసిన బంతిని అలెక్స్ రోడ్రిగెజ్ నేరుగా పైకి లేపాడు. అలెక్స్ కోపంతో బ్యాటు విసిరికొట్టాడు, ఎందుకంటే అది పిల్లలు కూడా పట్టుకునే క్యాచ్. కింద నిలబడిన లూయిస్ కాస్టియో మేటి ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లోవ్ బహుమతి మూడుసార్లు గెలిచినవాడు. మా మామగారు అప్పటికే లేచి వంటింటి వైపు నడిచారు, నేను లేచి చప్పట్లు కొట్టబోతున్నాను. బంతి కాస్టియో గ్లవ్వులో పడి జారి నేల మీద పడింది. అతను తేరుకుని రెండో బేస్‌కు విసిరే లోపల జీటర్ వచ్చేశాడు, ఆ వెనుకే మొదటి బేస్ నుంచి మొత్తం మైదానం చుట్టి టెషేరా కూడా హోమ్ ప్లేట్ చేరాడు. యాంకీస్ 9, మెట్స్ 8.

ఆ రాత్రి అందరూ కాస్టియోను తిట్టారు, నేనూ తిట్టాను. కానీ మా వారు ఒక మాట అన్నారు, అది నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘కాస్టియో వదిలేయడం వల్ల స్కోరు సమం మాత్రమే అయింది, గెలిపించింది టెషేరా కాళ్లు’ అన్నారు. ఔట్ అవుతుందని నూటికి నూరుపాళ్లు తెలిసిన బంతికి కూడా అతను తలవంచుకుని పరుగెత్తాడు. స్కోరు పుస్తకం గారు చెప్పిన సూత్రమే. 2000లో మా ఆటగాడు ఆగాడు, 2009లో వాళ్ల ఆటగాడు ఆగలేదు. రెండుసార్లూ ఓడింది మేమే.

బ్రాంక్స్ బాటసారి:

కోడలు గారూ, మీరు 2009 ఆటను ఇక్కడికి తెచ్చి నా వాదనను కొంత కదిలించారు. నేను ఆ ఆటను కూడా చూశాను, కానీ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. ఏడో నంబరు రైలు గారు చెప్పినట్లు ఆరో ఇన్నింగ్స్‌ను ఒక్క వాక్యంలో దాటిపోవడం కూడా పొరపాటే, అంగీకరిస్తున్నాను. మొన్న మళ్లీ చూసినప్పుడు జీటర్ విసిరిన తీరు దగ్గర ఆపి మూడుసార్లు వెనక్కి తిప్పాను. గీత దాటి పక్కకు పోతున్న శరీరం నుంచి అంత సూటిగా బంతి వెళ్లడం నాకు ఇప్పటికీ అబ్బురమే. పెరెజ్ ఆగడం ఒక ఎత్తు, ఆగినందుకు శిక్ష వేయగలగడం మరొక ఎత్తు.

స్కోరు పుస్తకం గారూ, డబుల్ ప్లే సంగతి నిజమే. అయితే దాన్ని నేను మరోలా చూస్తాను. ఓనీల్ అప్పటి శక్తి ఎంతో పదో ఇన్నింగ్స్ చూపించింది. కొట్టబోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అతను తన శక్తి మేరకు మాత్రమే ఆడాడు. చేయగలిగినది ఒక్కటే మిగిలినప్పుడు ఆ ఒక్కటీ పది బంతుల పాటు చేయడం నాకు హోమ్ రన్ కంటే గొప్పగా కనబడుతుంది.

విజ్కైనో గురించి కూడా చెప్పాలి. అతను 1994 నుంచి 1996 వరకు మెట్స్ ఆటగాడే. 2000 జూన్‌లోనే యాంకీస్‌కు వచ్చాడు. లైటర్ బంతులను గతంలో బాగా ఆడాడన్న కారణంతో మేనేజరు జో టోరీ అతన్ని రెండో బేస్‌లో దించి, నాబ్లాక్‌ను బ్యాటింగుకు మాత్రమే పరిమితం చేశాడు. లైటర్ వెళ్లిపోయాక కూడా అతన్ని మార్చలేదు. ఆ రాత్రి అతనికి నాలుగు హిట్లు. మీ జట్టు మనిషే మిమ్మల్ని ఓడించాడని మా మిత్రుడికి ఆ రాత్రి నేను చెప్పలేదు, అతనికి నాకంటే బాగా తెలుసు.

ఏడో నంబరు రైలు:

బాటసారి గారి మాటల్లో పెద్దమనసు ఉంది, అందుకు నేనూ ఒకటి ఒప్పుకుంటాను. బెనీటెజ్ వచ్చినప్పుడే మా గుండెల్లో రాయి పడింది. ఆ సీజనులో అతను 41 ఆటలు కాపాడాడు, లెక్క ప్రకారం భయపడవలసిన పనే లేదు. కానీ లెక్కలు గుర్తుకు రావు, దెబ్బలే గుర్తొస్తాయి. 1996 అక్టోబరులో అతను బాల్టిమోర్ తరఫున ఆడుతున్నప్పుడు జీటర్ కొట్టిన బంతిని గోడ మీదుగా ఒక పిల్లవాడు చేయి చాపి లోపలికి లాక్కున్నాడు, దాన్ని హోమ్ రన్‌గా ఇచ్చారు. ఆ బంతి వేసింది బెనీటెజే, ఆ స్టేడియం అదే. 2000లోనే, సిరీస్‌కు రెండు వారాల ముందు, శాన్ ఫ్రాన్సిస్కోలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జె.టి. స్నో అతని మీద మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ ఆట మేము పదో ఇన్నింగ్స్‌లో గెలిచాం కాబట్టి బతికిపోయాం. ఓనీల్ బంతి తర్వాత బంతిని ఫౌల్ కొడుతుంటే రేడియో దగ్గర నేను పిచ్చర్‌ను తలచుకుని భయపడ్డానే కానీ బ్యాటర్‌ను చూసి కాదు. మీరు పది బంతుల్లో పట్టుదల చూశారు, నేను చేయి వణకడం విన్నాను. రెండూ ఒకే పది బంతులు.

కృష్ణాతీరం:

మీ అందరి రాతలూ చదివి, నిన్న రాత్రి మా అబ్బాయితో ఫోనులో మాట్లాడుతూ తొమ్మిదో ఇన్నింగ్స్ చూశాను. నాలుగు ఫౌల్స్ లెక్క ముందే తెలిసినందువల్ల ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కపెట్టుకున్నాను. టెస్టు మ్యాచి చివరి గంటలో టెయిలెండరు బంతులు అడ్డుకుంటున్నట్లే అనిపించింది. బాటసారి గారూ, అడగవచ్చో లేదో తెలియదు, ఆ తెనాలి మిత్రుడి సంగతి తర్వాత ఏమైంది?

బ్రాంక్స్ బాటసారి:

తప్పకుండా అడగవచ్చు. ఆట ముగిశాక అతను టీవీ కట్టేసి, పొద్దున్నే గుడికి వెళ్లాలి పడుకో అని మాత్రం అన్నాడు. ఆదివారం ఫ్లషింగ్ గణేశుడి గుడికి ఇద్దరం వెళ్లాం. టైమ్స్ స్క్వేర్‌లో ఏడో నంబరు రైలెక్కాం. పెట్టె నిండా నీలం, నారింజ టోపీలు, ఒక్కరూ మాట్లాడుకోవడం లేదు. మెట్స్ సొంత మైదానం షే స్టేడియం కిటికీలోంచి కనబడగానే అందరూ ఒకసారి అటు తిరిగి చూసి తలలు దించుకున్నారు. నా యాంకీస్ టోపీ సంచిలోనే ఉంచాను.

సిరీస్ అయిదో ఆట అక్టోబరు 26న, షే స్టేడియంలో జరిగింది. అది దీపావళి రోజు. మిత్రుడు సాయంత్రమే కిటికీ గట్టు మీద ప్రమిదలు వెలిగించాడు. అర్ధరాత్రి మైక్ పియాజా కొట్టిన చివరి బంతి బెర్నీ విలియమ్స్ చేతిలో పడి, నాలుగు ఆటలు ఒకటితో సిరీస్ మాదైంది. అతను లేచి, కొండెక్కబోతున్న ప్రమిదలో నూనె పోసి, నా వైపు తిరిగి, ‘శనివారం మింగిన అరుపు ఇప్పుడు అరిచేయ్’ అన్నాడు. అతను చూశాడని నాకు అప్పటిదాకా తెలియదు. నా వల్ల కాలేదు.

కొన్నేళ్లకు అతను హైదరాబాదు తిరిగి వెళ్లిపోయాడు. మొన్న శనివారం రాత్రి ఒంటరిగా ఆట చూస్తూ అరిచాను, ఇంట్లోవాళ్లు లేచి వచ్చేంత గట్టిగా అరిచాను. అప్పుడు హైదరాబాదులో ఆదివారం ఉదయం. వెంటనే ఫోను చేసి చెప్పాను. ఏ బంతికి అని అడిగాడు. పదో బంతికి అన్నాను.